పెద్ద టీవీ వచ్చిన విధంబెట్టిదనిన

యూనియన్ వారి వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మా సంపాదక మిత్రుడు అడిగినప్పుడు, "కృష్ణబిలాల మీద వ్రాయనా?" అన్నాను. "వద్దు తల్లీ, పోయినేడు ముగ్గురు వ్రాశారు. చదివినవాడు ఒక్కడూ లేడు. నీకు బాగా తెలిసిన సంగతేదైనా వ్రాయి" అన్నాడు. నాకు బాగా తెలిసిన సంగతులు రెండే. ఒకటి వరి. రెండోది, 2025 ఆగస్టు నుంచి నవంబరు దాకా మా ఇంట్లో నడిచిన టీవీ పురాణం. మొదటిదాని మీద వ్రాస్తే మీరు పేజీ తిప్పేస్తారని తెలుసు కాబట్టి రెండోదే ఎత్తుకున్నాను. అయితే మొదటిది కూడా మధ్యలో వస్తుంది. అది వద్దన్నా వచ్చే రకం.

నేనుండేది నేరేడ్‌మెట్‌లో, మా చిన్నబాపు ఇంట్లో. మేడమీది పోర్షను, రెండు గదులు, ఒక వంటిల్లు, బట్టలారేసుకునేందుకు కొంచెం జాగా. చిన్నబాపు చర్లపల్లి వైపు ఒక చిన్న కంపెనీలో స్టోర్సు చూస్తాడు. మూడేళ్లుగా నేను వాళ్ల బియ్యం తింటున్నానని అనడానికి వీల్లేదు, బియ్యం మా ఊరివే. కూర వాళ్లది, కరెంటు వాళ్లది, పొద్దున్నే లేచి నాకు డబ్బా కట్టే ఓపిక చిన్నమ్మది. ఊళ్లో, అంటే కాజీపేటలో రైలు దిగి బస్సెక్కితే ముప్పావుగంట దూరంలో, చిన్నబాపు వాటా రెండెకరాలు కూడా మా నాలుగెకరాలతో కలిపి మా బాపే చేస్తాడు. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్న లెక్క అన్నదమ్ములిద్దరూ ఎన్నడూ తీయలేదు. తీస్తే ఇద్దరికీ చిన్నతనం.

రెండేళ్ల కింద బాపమ్మ కూడా ఈ ఇంటికే వచ్చింది. కుడికంటికి శుక్లం ఆపరేషను అయింది. ఎడమకన్ను నీటికాసులతో అప్పటికే పోయింది. ఆపరేషనైన కంటికి డాక్టరు చీటీ మీద 6/36 అని వ్రాశాడు. మామూలు కన్ను ముప్ఫై ఆరు మీటర్ల దూరం నుంచి పోల్చుకోగలిగేది బాపమ్మ ఆరు మీటర్ల దగ్గరికి వస్తేగాని పోల్చుకోలేదని దాని అర్థం. ఆమెకు చదువు రాదు గాని వార్తలంటే ప్రాణం. సీరియళ్లు గిట్టవు. "అండ్ల ఏడ్చేటోళ్లకు పని లేదు" అంటుంది.

ఇంట్లో ఉన్నది 24 అంగుళాల టీవీ, 2016లో కొన్నది. తెర మీద నిలువునా రెండు గీతలు పడ్డాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నలుపు. మెకానిక్ చూసి, ప్యానెల్ పోయింది, మార్చే ఖర్చుతో కొత్తదే వస్తుందని చెప్పి రెండొందలు తీసుకుని పోయాడు. బాపమ్మ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని తెరకు రెండడుగుల దూరంలో కూర్చుంటుంది. వెనక ఉన్నవాళ్లకు టీవీకి బదులు ఆమె కొప్పు కనబడుతుంది. ఆరో తరగతి చదివే మా తమ్ముడు (చిన్నబాపు కొడుకు) దీని మీద రోజుకొక ఫిర్యాదు దాఖలు చేస్తాడు.

ఆగస్టులో బాపు ఆమెను కంటి డాక్టరుకు చూపించడానికి వచ్చాడు. ఆమె అలా ముక్కు తెరకు ఆనించినట్టు కూర్చోవడం చూశాడు. ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు: "తమ్మీ, ఈసారి వడ్లు అమ్మినంక మీ ఇంటికి పెద్ద టీవీ నేను కొనిస్త. గోడంత ఉండాలె."

"ఎందుకన్నా గిప్పుడు..."

"నీకోసం గాదు. అవ్వ చూస్తది."

ఇక కాదనడానికి చిన్నబాపుకు నోరు లేదు. మా ఊరి మర్యాదలో ఇది పెద్ద ఎత్తు. ఇచ్చేది తమ్ముడికే, పేరు తల్లిది.

బి.యస్సీ. ఫిజిక్సు చదువుతున్న పాపానికి ఇంట్లో సాంకేతిక సలహాదారు పదవి నాకు దక్కింది. బస్సు పాసు ఉంది గనుక సాయంత్రాలు ఏ.ఎస్.రావు నగర్, ఈసీఐఎల్ చౌరస్తా షోరూములన్నీ తిరిగాను. కొనేవాడు తోడు లేకుండా ఆడపిల్ల ఒక్కతే వచ్చి టేపు పెట్టి టీవీలు కొలుస్తుంటే సేల్స్ కుర్రాళ్లు ఏమనుకున్నారో నేను పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక పిట్టకథ. ఈసీఐఎల్ చౌరస్తాలో నిలబడి జపాన్, కొరియా, చైనా టీవీల ధరలు అడుగుతున్నామే, ఒకప్పుడు మన దేశపు టీవీ ఆ వీధిలోంచే పోయింది. ఆ సంస్థ 1967లో పెట్టారు. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరే ఏ.ఎస్.రావు నగర్‌కు పెట్టారు. డెబ్బైలలో 'ఈసీ టీవీ' ఇక్కడే తయారయ్యేది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు నేరుగా కార్యక్రమాలు పంపిన ప్రయోగం ఉంది, 'సైట్' అంటారు. కోళ్ల గూటి జాలీలాంటి తీగ గొడుగు పెట్టి, పంచాయతీ ముందర జనమంతా కూర్చుని చూసేవారు. ఆ సెట్లు కూడా ఇక్కడివే. సాయంత్రాల్లో సేద్యం, ఆరోగ్యం గురించి చెప్పేవారట. అంతకు ముందు 1967లో ఢిల్లీలో కృషిదర్శన్ మొదలుపెట్టిందీ రైతుల కోసమే. మన దేశంలో టీవీ ఊళ్లోకి వచ్చింది ముందు రైతు పేరు చెప్పుకునేనన్నమాట. ఇప్పుడు షోరూములో రైతు బొమ్మ ఎక్కడైనా ఉందంటే అది ట్రాక్టరు లోను పోస్టరు మీదే.

మా ఊరికి మాత్రం టీవీ ఆలస్యంగా వచ్చింది. 1988లో మహాభారతం మొదలైనప్పుడు పంచాయతీ ఆఫీసులో ఒకటే సెట్టు. ఆదివారం పొద్దున బాపమ్మ స్నానం చేసి, కొబ్బరికాయ పట్టుకుని పోయేదట. శ్రీకృష్ణుడు కనబడగానే కర్పూరం వెలిగించిన బ్యాచిలో తనూ ఉన్నానని ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. అప్పుడు ఆమె ఎంత దూరంలో కూర్చున్నదని అడిగాను. "యాడనో ఎనక, ఆడోళ్లల్ల. అయినా మంచిగ కనబడ్డది. కండ్లుండె గదా" అంది.

సరే, కొలతల సంగతి. టీవీ అంగుళాలు మూలమూలకు కొలిచే అంగుళాలు. 55 అంగుళాల తెర వెడల్పు సుమారు నాలుగడుగులు, ఎత్తు రెండడుగుల మూడంగుళాలు. వైశాల్యంలో 43 కంటే 64 శాతం ఎక్కువ, కాబట్టి అంగుళాలు చూసి "పన్నెండే కదా తేడా" అనుకోకూడదు. తెరంతా చుక్కలు. ఇప్పటి 'ఫోర్ కే' తెరలో అడ్డంగా 3,840, నిలువుగా 2,160. మంచి కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఎడంగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూడగలదని ఆప్టిక్సులో చదువుకున్నాం. ఆ లెక్కన 55 అంగుళాల ఫోర్ కే తెర చుక్కలు కనబడాలంటే మూడున్నర అడుగుల దగ్గరకు పోవాలి. మా గదిలో మంచం నుంచి గోడకు ఎనిమిది అడుగులు. అంత దూరం నుంచి దానికీ, అందులో నాలుగోవంతు చుక్కలుండే పాతరకం 'ఫుల్ హెచ్‌డీ'కీ మా కళ్లకు తేడా తెలియదు. ఇదంతా మూడు పేజీలు వ్రాసి, బొమ్మలు గీసి చిన్నబాపుకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివి, "అయితే ఎంతది కొనాలంటవు?" అన్నాడు. సలహాదారులకు జరిగే మర్యాద ఎక్కడైనా ఇంతే.

షోరూము టీవీల్లో నెమళ్లు, పూలు, మంచుకొండలు, రంగురంగుల మామిడిపండ్లు. ఆ బొమ్మలు అందుకోసమే ప్రత్యేకంగా తీసినవి. పైగా వెలుతురు పూర్తిగా పెంచి ఉంటుంది. మన ఇంట్లో ఎవరూ నెమళ్లను చూడరు గదా. వార్తలు చూస్తారు, క్రికెట్ చూస్తారు, మూడొందల సార్లు చూసిన సినిమా మళ్లీ చూస్తారు. ఈ అనుమానం నాకు అప్పుడే వచ్చింది గాని గట్టిగా అడిగే ధైర్యం రాలేదు. (మరో చిన్నమాట: ఈ ద్రవస్ఫటికాలనేవి 1888లో కనిపెట్టినవాడు రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, క్యారెట్ గడ్డల నుంచి తీసిన పదార్థంతో. బాటనీ మిత్రులు మమ్మల్ని చూసి కాలరెగరేయవచ్చు.)

ఎంతది కొనాలన్నది తేలకముందే ఎప్పుడు కొనాలన్న గొడవ వచ్చింది. ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధానమంత్రి జీఎస్టీ తగ్గిస్తామన్నారు. సెప్టెంబరు 3న కౌన్సిలు ఖాయం చేసింది. 32 అంగుళాల కంటే పెద్ద టీవీలకు పన్ను 28 శాతం నుంచి 18కి దిగుతుంది, సెప్టెంబరు 22 నుంచి. చిన్న సెట్లకు 2019 జనవరి నుంచే 18 శాతం గనుక వాటికి మార్పు లేదు. చిన్నబాపు పేపరు పట్టుకుని, "పది శాతం తగ్గుతది!" అన్నాడు. తగ్గదు. నూటికి 28 కలిపి 128 అయ్యేది, ఇప్పుడు 118 అవుతుంది. 128లో 10 అంటే ఎనిమిది శాతం కూడా కాదు, 7.8. నేను చూసిపెట్టిన 55 అంగుళాల సెట్టు 44,800 ఉండేది, 41,300 అయింది. 43 అంగుళాలది 25,600 ఉండేది, 23,600 అయింది. షాపులవాళ్లు మాత్రం "పది శాతం" అనే బోర్డులు కట్టుకున్నారు, ఎవరడుగుతారు?

22న బతుకమ్మ సంబరాల్లో ఉన్నాం. అక్టోబరు 2న దసరా ఆఫర్లు. తర్వాత దీపావళికి ఇంకా తగ్గుతాయన్నారు. దీపావళి పోయాక కొత్త సంవత్సరానికి కొత్త మోడళ్లు వస్తాయి, అప్పుడు పాతవి దిగుతాయన్నారు. మా క్లాసు అబ్బాయి ఒకడైతే సంక్రాంతి దాకా ఆగమన్నాడు. ఈ సలహాలన్నీ ఇచ్చినవాళ్ల లెక్కలో డబ్బు ఎప్పుడూ బ్యాంకులో సిద్ధంగా ఉంటుంది, ధర దిగేదాకా ఓపిగ్గా కాచుకుని కూర్చుంటుంది. మా బాపు దగ్గర డబ్బు అలా కూర్చోదు. వడ్ల పైసలు వచ్చిన వారంలో ఎరువుల దుకాణం, కోత మిషను, ట్రాక్టరు, నా ఫీజు, యాసంగి విత్తనాలు. టీవీ కొనాలంటే ఆ వారంలోనే కొనాలి. ధర ఎక్కువుందా తక్కువుందా అన్నది ఆ వారం అదృష్టం.

"అయితే ఈఎంఐ పెట్టుకుందాం పెదనాయినా, వడ్డీ లేదట!" అని మా తమ్ముడు ఫోనులో అరిచాడు. నేను దీన్నీ లెక్క కట్టాను. రొక్కం ఇస్తే ఆ 41,300లో రెండు వేలు తగ్గిస్తానన్నాడు షాపాయన. వాయిదాలైతే తగ్గింపు లేదు, పన్నెండు నెలలు నెలకు 3,442. అంటే ఆ రెండు వేలే వడ్డీ, ఏడాదికి తొమ్మిది శాతం పైమాటే. సున్నా వడ్డీ అనేది ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇదంతా బాపుకు వివరించబోతే, ఆయన మధ్యలోనే ఆపాడు.

"అదంత నాకెందుకు బిడ్డా. నెలనెల కట్టాల్నంటే నాకు నెలనెల వడ్లు పండాలె గదా."

నా మూడు పేజీల లెక్కలో ఈ మాట లేదు. వాయిదా పద్ధతి కనిపెట్టినవాడు జీతగాణ్ణి చూసి కనిపెట్టాడు. ఒకటో తారీఖు అనేది మా ఇంట్లో క్యాలెండరు చింపే రోజు, అంతే.

నాకు అప్పుడు ఇంకో లెక్క తట్టింది. ఈసారి ఏ-గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,389. బస్తాకు నలభై కిలోలు. 55 అంగుళాల టీవీ అంటే నలభై మూడు బస్తాలు. 43 అంగుళాలదైతే ఇరవై అయిదు. ఈ లెక్క ఎవరికీ చూపించలేదు. చిన్నమ్మకు తెలిస్తే ఆ టీవీ ముందు కూర్చునేది కాదు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటింది. సముద్రం మాకు రెండొందల కిలోమీటర్ల పైన దూరం, మాకేమవుతుందిలే అనుకున్నాం. 29న వరంగల్ వైపంతా కుండపోత. నేరేడ్‌మెట్‌లో మామూలు ముసురే. కాజీపేట మీదుగా పోయే రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయని స్క్రోలింగు. ఊరికి ఫోను కలవలేదు. ఆరెకరాల్లో సగం కోసి కల్లంలో ఆరబోసి ఉన్నాయి, మిగతా సగం పొలంలో నిలబడి ఉందని మా అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

టీవీలో మ్యాపు వేశారు. తెల్లటి సుడి తిరుగుతోంది. బాపమ్మ కుర్చీలోంచి లేచి తెర దగ్గరకు పోయి నిలబడింది.

"మన ఊరు యాడుంది బిడ్డా?"

24 అంగుళాల తెరలో తెలంగాణ మొత్తం అరచెయ్యంత. అందులో ఆకుపచ్చ గీత ఒకటి. ఆమె వేలు పట్టుకుని చోటు చూపించాను. ఆ వేలి కింద మా ఊరే కాదు, వరంగల్ జిల్లా మొత్తం పోయింది.

"వాన దీని మీద ఉన్నదా, పక్కకు వోయిందా?"

"మీదనే ఉంది, బాపమ్మా."

"నాకు ఏం కనబడ్తలేదు" అని వేలు తీయకుండా అట్లాగే నిలబడింది. మ్యాపు పోయి సబ్బు ప్రకటన వచ్చాక కూడా తీయలేదు. తమ్ముడు ఆ రోజు ఫిర్యాదు చేయలేదు.

మర్నాడు సాయంత్రం బాపు మాట్లాడాడు. "పట్టలు కప్పినం. మీదికెళ్లి ఆగింది గని కిందికెళ్లి నీళ్లు వోయినయి. పొలంల ఉన్నది పడిపోయింది." అంతే చెప్పి, "అవ్వ తిన్నదా?" అని అడిగాడు. కొనుగోలు సెంటరులో తేమ పదిహేడు శాతం లోపుంటేనే తీసుకుంటారు. మొదటి రోజు మిషను పెడితే ఇరవై నాలుగు చూపించింది. పొద్దున పరవడం, సాయంత్రం కుప్ప చేయడం, మబ్బు కనబడితే పట్ట కప్పడం, అమ్మా బాపూ పన్నెండు రోజులు చేశారు. కింది వరసవి మొలకెత్తాయి, వాటిని వచ్చిన ధరకు బయట అమ్మారు. పడిపోయిన చేను కోయడానికి చైన్ల మిషను పిలిపించాల్సి వచ్చింది, దాని కిరాయి గంటకు మామూలు మిషను కంటే చాలా ఎక్కువ. నేను సెలవు పెట్టి వస్తానంటే, "వచ్చి వడ్ల మీద ఊదుతవా? చదువుకో" అన్నాడు.

మా ఇంట్లో టీవీ మాట ఆగిపోయింది. నవంబరు 2 రాత్రి మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచింది కూడా ఆ రెండు గీతల మధ్యనే చూశాం.

నవంబరు 23, ఆదివారం. పొద్దున పదింటికి బాపు దిగాడు. భుజాన బియ్యం సంచి, చేతిలో కాకరకాయల సంచి. చాయ తాగి, "పాండ్రి, టీవీ కొందం" అన్నాడు.

చిన్నబాపు లేచి నిలబడ్డాడు. "అన్నా, గిప్పుడు వద్దే. యాసంగికి చూద్దాం. ఎవలన్నా అడిగిండ్రా?"

"నేను చెప్పిన."

"చెప్తే ఏంది? వాన వడ్డది. వానకు తెల్వదు గదా నువ్వు చెప్పినట్టు."

"తమ్మీ, వాన వడ్డదని నీ బిడ్డ ఫీజు ఆపినవా?" అన్నాడు బాపు. అనేశాక గాని తనకే తెలియలేదనుకుంటాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఎందుకంటే 'నీ బిడ్డ' అంటే నేను. అక్టోబరులో కట్టాల్సిన నా ఫీజు చిన్నబాపు కట్టాడు. ఊరికి చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. నేను చెప్పలేదు. అమ్మ ఫోనులో నా గొంతు పట్టుకుని కనిపెట్టి ఉంటుంది. చిన్నమ్మ వంటింట్లోకి పోయి స్టవ్ మీద ఏమీ లేకపోయినా గరిటె తిప్పిన చప్పుడు చేసింది. చిన్నబాపు చొక్కా తొడుక్కున్నాడు.

షోరూములో సేల్స్ కుర్రాడు మమ్మల్ని తిన్నగా 55 అంగుళాల దగ్గరికి తీసుకుపోయాడు. నెమలి పురి విప్పింది. బాపు కొంచెంసేపు చూశాడు.

"మంచిగున్నది. మా ఇంట్ల వచ్చే వార్తల చానెల్ పెట్టు తమ్మీ."

"అంకుల్, ఇది డెమో అండీ, క్వాలిటీ తెలుస్తుంది."

"బియ్యం కొనేటోడు సంచి మీది బొమ్మ చూస్తడా? పిడికెడు తీసి చూస్తడు గని."

కేబుల్ కనెక్షను ఒక్కటే ఉందట, మూలనున్న సెట్టుకు. అది లాక్కొచ్చి తగిలించడానికి పావుగంట పట్టింది. వార్తలు చదివే ఆమె ముఖం ఆ నాలుగడుగుల తెర మీద తడిసిన ఫోటోలా అలుక్కుపోయింది. కారణం నాకు తెలుసు. మా కేబుల్లో వచ్చే మామూలు చానెల్‌కు 720 ఇంటూ 576 చుక్కలే ఉంటాయి. ఫోర్ కే తెరకు సరిగ్గా ఇరవై రెట్లు కావాలి. ఉన్న ఒక్క చుక్కనే ఇరవై చుక్కలకు సాగదీస్తుంది టీవీ. అదే కనెక్షను 43కి తగిలిస్తే బొమ్మ కొంత దగ్గరపడి, ముఖం ముఖంలా ఉంది. మూడు నెలలు టేపు పట్టుకుని తిరిగి నేను అడగలేని ప్రశ్న బాపు రెండు నిమిషాల్లో అడిగాడు. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

"అయినా గోడంత అని చెప్పిన గదా" అన్నాడు మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు.

అప్పుడు నా వంతు. ఆయన్ను 55కు ఎనిమిది అడుగుల దూరంలో నిలబెట్టి, చేతులు చాపి అరచేతుల మధ్య తెర ఎత్తు పట్టమన్నాను. ఆ చేతులట్లాగే ఉంచి, 43కు నాలుగడుగుల్లో నిలబడమన్నాను. తెర చేతుల మధ్య పట్టలేదు, ఒకటిన్నర రెట్లయింది. బాపమ్మ కుర్చీ నాలుగడుగుల్లో వేస్తే ఆమెకు ఈ చిన్న టీవీయే ఆ పెద్ద టీవీ కంటే పెద్దది. మిగిలినవాళ్లం వెనక మంచం మీద. తెరను కొంచెం పైకి బిగిస్తే కొప్పు అడ్డం రాదు. అంత దగ్గర కూర్చుంటే ఉన్న కన్ను కూడా పోతుందేమోనని చిన్నమ్మ భయం. 1967లో అమెరికాలో కొన్ని పాతకాలపు గొట్టం టీవీల్లోంచి ఎక్స్-కిరణాలు వచ్చిన మాట నిజమే గాని, ఇప్పటివాటిలో ఆ గొట్టమే లేదని చెప్పాను.

బాపు చేతులు దించి, "దగ్గరికి వోతే పెద్దగ కనబడ్తది. గింత దానికి బీయస్సీ చదవాల్నా?" అన్నాడు. సేల్స్ కుర్రాడు కూడా నవ్వాడు. పాపం, అతని కమిషను మా వల్ల తగ్గింది.

కౌంటరు దగ్గర చిన్నబాపు ఫోను తీసి స్కాన్ చేయబోయాడు. బాపు ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ గట్టిగా ఏమీ అనుకోలేదు, కాని క్యాషియరు కాసేపు ఎటో చూడాల్సి వచ్చింది. 23,600ను బేరమాడి 23,000 చేశాడు బాపు. రుమాలులోంచి నోట్లు తీసి తడి వేలితో రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండేళ్ల వారంటీ పదిహేను వందలకు ఇస్తామంటే, "ముందు ఇది మొలకెత్తనీ" అన్నాడు.

మంగళవారం వచ్చి గోడకు బిగించారు. బాపమ్మ కుర్చీకి నాలుగడుగుల దగ్గర నేలమీద సుద్దముక్కతో గీత గీశాను. ఆమె కూర్చుని, కన్ను చికిలించి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది:

"ఈ పిల్ల ముక్కుపుడక వెట్టుకుంటదా? ఇన్నేండ్ల సంది చూస్తున్న, ఎర్కలే."

వాతావరణం వార్తలు వచ్చినప్పుడు కుర్చీ సుద్దగీత దాటి ముందుకు జరిగింది. మళ్లీ వేలు పెట్టింది. ఈసారి వేలి చుట్టూ కొంత జిల్లా మిగిలింది. ఎండ గుర్తు ఉంది. "ఎండనే" అని నేను చెప్పకముందే చెప్పి వెనక్కి జరిగింది.

పాత టీవీని బాపు ఆదివారం సాయంత్రమే దుప్పట్లో చుట్టి ఊరికి పట్టుకుపోయాడు. చర్లపల్లిలో రైలెక్కించడానికి నేను వెళ్లాను. అంత మందిలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. "గీతలు రెండున్నయి బాపూ, కండ్లకు ఇబ్బంది" అన్నాను. "మీ అమ్మ వంట చేసుకుంట ఇంటది, చూడది" అన్నాడు. నా ఫీజు సంగతి ఇద్దరం ఎత్తలేదు. యాసంగికి నారు పోశాక మళ్లీ వస్తానన్నాడు. నారు జనవరిలో పోశారు. నాటు కూడా అయింది. ఆయన ఇంకా రాలేదు.